నాన్నగారు మూడు రోజుల్లో మారిపోయారు: ఇది మతిమరుపు వ్యాధేనా?

గుంటూరు చదువరి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారికి 81 ఏళ్లు. పోస్టుమాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. మొన్న శుక్రవారం వరకు తన పంచె తానే ఉతుక్కుని, గ్రంథాలయానికి నడిచి వెళ్లి, పత్రికలు చదివి వచ్చి, ముఖ్యమైన వార్తలు మా అమ్మకు చెప్పేవారు. శనివారం మధ్యాహ్నం అన్నం వద్దన్నారు. ఆదివారం రోజంతా పడుకునే ఉన్నారు. పిలిస్తే కళ్లు తెరిచి ఒక్క మాట చెప్పి మళ్లీ మూసుకునేవారు. మా వీధి డాక్టరు గారు వచ్చి చూసి, జ్వరం లేదని, బీపీ 118/70 ఉందని, ఈ వయసులో నీరసం సహజమని చెప్పి, బలానికి సెలైన్ ఎక్కించారు. సోమవారం తెల్లవారుజామున స్నానాలగది దగ్గర పడిపోయారు. ఆసుపత్రిలో చేర్చాము. తలకు తీసిన స్కానులో వయసుతో వచ్చే మార్పులు తప్ప ఏమీ లేవన్నారు.

అసలు బాధ ఆ రాత్రి మొదలైంది. చేతికున్న సూదిని పీకేశారు, నన్ను ఎప్పుడో చనిపోయిన మా పెదనాన్న పేరుతో పిలిచారు, గోడమీద చీమలు పాకుతున్నాయన్నారు. మత్తు సూది ఇచ్చి, గాజుగుడ్డతో రెండు చేతులూ మంచానికి కట్టి, మూత్రానికి పైపు వేశారు. మరునాడు సాయంత్రం వరకు లేవలేదు. మతిమరుపు వ్యాధి మొదలై ఉండవచ్చని డ్యూటీ డాక్టరు గారు అంటున్నారు. శుక్రవారం పత్రిక చదివిన మనిషికి సోమవారానికి మతిమరుపు వ్యాధి వస్తుందా? నేను ఏమి అడగాలో, ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మెడిసిన్ వార్డు వైద్యుడు

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. మతిమరుపు వ్యాధి నెలలు, ఏళ్ల మీద మెల్లగా ముదురుతుంది. గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోతే దానిని డెలీరియం అంటాము. తెలుగులో దీనికి పాత మాట ఉంది: సంధి. జ్వరంలో సంధి పుట్టిందనేవారు మన పెద్దలు, అంటే పలవరింతకు మూలం ఒంట్లో ఉన్న జబ్బే అని వారికి తెలుసు. ఆ ఎరుకను మనం ఆసుపత్రుల్లో పోగొట్టుకున్నామని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

ఆదివారం మత్తుగా పడుకోవడమూ, సోమవారం రాత్రి సూది పీకేయడమూ ఒకే జబ్బు చూపించిన రెండు ముఖాలు. కేకలు వేసే రోగి దగ్గరకు అందరూ పరుగెత్తుతారు. మాట్లాడకుండా ముడుచుకుని పడుకునే రోగిని మాత్రం ‘ఇబ్బంది పెట్టడం లేదు’ అని వదిలేస్తారు. ముసలివారిలో ఆ రెండవ రకమే ఎక్కువగా కనబడుతుంది, ఎక్కువగా తప్పిపోయేదీ అదే.

యువకుడికి నిమోనియా వస్తే దగ్గు, జ్వరం, ఛాతీలో పోటు వస్తాయి. ఎనభై దాటినవారికి అదే నిమోనియా అన్నం మానేయడంగానో, కాళ్లు తేలిపోయి పడిపోవడంగానో, పక్క తడపడంగానో, మాట తడబడటంగానో బయటపడవచ్చు. గుండెపోటు కూడా ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగానో సొమ్మసిల్లడంగానో రావచ్చు. పేగుకు రంధ్రం పడినా పొట్ట మెత్తగానే ఉన్న పెద్దవారిని నేను చూశాను. కాబట్టి కింది సంగతులు కనుక్కుని రాయండి: శ్వాస నిమిషానికి ఎన్నిసార్లు, ఆక్సిజన్ ఎంత, రక్తంలో సోడియం, చక్కెర, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ తీశారా, విరేచనమై ఎన్నాళ్లయింది, ఇంట్లో ఏయే మందులు వాడుతున్నారు, మామూలు రోజుల్లో ఆయన బీపీ ఎంత ఉంటుంది. చికిత్స నిర్ణయించవలసింది అక్కడి వైద్యులే. వారికి ఈ వివరాలు ఒక కాగితంమీద రాసి ఇవ్వండి.

వార్డు సిస్టరు

నేను నర్సుగా 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. పై వైద్యులు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. కేస్ షీటులో శ్వాస రేటు దగ్గర 18 అనో 20 అనో కనబడితే దానిని నమ్మకండి, ఎందుకంటే రద్దీ వార్డులో దానిని నిజంగా లెక్కపెట్టేవారు తక్కువ. నాన్నగారి పొట్టమీద మెల్లగా చేయి ఉంచి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం మీరే లెక్కపెట్టండి. ముసలివారిలో ఊపిరితిత్తుల జబ్బు జ్వరంకంటే ముందు అక్కడే తెలుస్తుంది.

ఇంకొక మాట, దయచేసి దీనిని తేలికగా తీసుకోకండి. ఆయన మత్తుగా ఉన్నప్పుడు ‘ఏమీ తినలేదు’ అన్న బెంగతో నోట్లో జావగానీ పాలుగానీ పోయవద్దు. కొసరి తినిపించడం మనకు ప్రేమ, కానీ మగతలో ఉన్న మనిషి గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పూర్తిగా మేలుకున్నాక, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగారని చూసుకున్నాకే మరో చెంచా పెట్టండి. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను పోతాయన్న భయంతో ఇంట్లో దాచివస్తారు. వాటిని ఈ రోజే తెప్పించండి. మసక చూపుతో, వినబడని చెవితో, రాత్రంతా లైట్లు వెలిగే కొత్త చోట మేలుకున్న మనిషికి గోడమీద మరకలు చీమల్లా కనబడటంలో వింత లేదు.

గుంటూరు చదువరి

ఇద్దరికీ కృతజ్ఞతలు. శ్వాస నేనే లెక్కపెట్టాను, 28. వేలికి పెట్టే మిషనులో ఆక్సిజన్ 91 చూపింది. నాడి 82. సోడియం 121, చక్కెర 74, క్రియాటినిన్ 1.2. ఈసీజీలో కొత్తగా ఏమీ లేదన్నారు. ఛాతీ ఎక్స్‌రే నేను అడిగాక ఈ ఉదయం తీశారు, కుడివైపు కింది భాగంలో తెల్లగా ఉందని చెప్పారు. విరేచనమై ఆరు రోజులయిందని అమ్మ చెప్పింది, ఇంతవరకు ఎవరూ ఆమెను అడగలేదు. మామూలుగా బీపీ 150 దగ్గర ఉండేది. వాడే మందులు: బీపీకి టెల్మిసార్టన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బిళ్ళ, మెటోప్రొలోల్, చక్కెరకు గ్లిమెపిరైడ్, తుమ్ములకు రోజూ రాత్రి క్లోర్‌ఫెనిరమైన్, కడుపు నొప్పికి అప్పుడప్పుడు డైసైక్లోమిన్. బరువు 46 కిలోలు. ఉప్పు బాగా తగ్గించి తింటారు.

మెడిసిన్ వార్డు వైద్యుడు

ఇప్పుడు బొమ్మ కనబడుతున్నది. కుడి ఊపిరితిత్తిలో నిమోనియా, దానితోపాటు సోడియం ప్రమాదకరంగా పడిపోవడం. సోడియం మామూలుగా 135 నుంచి 145 వరకు ఉండాలి. బీపీ బిళ్ళలోని థయాజైడ్ దానిని తగ్గిస్తుంది, నిమోనియా మరికొంత తగ్గిస్తుంది, తిండి మానేయడం ఇంకొంత. పెద్దవారి జబ్బుకు ఒకే కారణం వెతకడం మనకు వైద్యవిద్యలో అలవాటైన పద్ధతి, కానీ వారి దగ్గర ఆ పద్ధతి తరచు ఓడిపోతుంది. నాలుగు చిన్న దెబ్బలు కలిసి ఒక మనిషిని పడగొడతాయి. నాలుగింటినీ సరిచేయాలి.

తొలిరోజు అంకెలు ఎలా తప్పుదారి పట్టించాయో చూడండి. బీపీ 118 అంటే పాతికేళ్ల కుర్రవాడికి చక్కటి బీపీ, రోజూ 150 ఉండే వ్యక్తికి అది పడిపోయిన బీపీ. నాడి 82 దగ్గరే నిలిచిందంటే జబ్బు లేదని కాదు, నాడిని నెమ్మదింపజేసే మెటోప్రొలోల్ దానిని పెరగనివ్వలేదు. జ్వరం సంగతీ అంతే. వయసుతో ఒంటి వేడి కొంత తక్కువగానే ఉంటుంది కాబట్టి, తన మామూలు వేడికంటే రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగితే అది జ్వరమే, థర్మామీటరులో 100 దాటకపోయినా. ఆ మనిషికి ఏది మామూలో తెలియకుండా ఈ అంకెలకు అర్థం లేదు, ఆ మామూలు తెలిసినది మీ అమ్మగారికి.

చికిత్సలో నేను గట్టిగా చెప్పే జాగ్రత్త సోడియం గురించే. తక్కువగా ఉందని తొందరపడి పెంచకూడదు. 24 గంటల్లో 8కి మించి పెరగకుండా చూసుకుంటూ, రక్తపరీక్ష మళ్లీమళ్లీ చేయించాలి. చాలా రోజులుగా తగ్గి ఉన్న సోడియం ఒక్కసారిగా పెరిగితే మెదడులోని నరాల పొరలు దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది.

మందుల లెక్క

నేను క్లినికల్ ఫార్మసీలో పనిచేస్తున్నాను. క్రియాటినిన్ 1.2 చూసి మూత్రపిండాలు బాగున్నాయనుకునే ప్రమాదం ఉంది కాబట్టి లెక్క ఇక్కడే చేసి చూపిస్తాను. 140లోంచి వయసు 81 తీసివేస్తే 59. దానిని 46 కిలోల బరువుతో గుణిస్తే 2714. క్రియాటినిన్‌ను 72తో గుణిస్తే 86.4. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే సుమారు 31 వస్తుంది, అంటే మూత్రపిండాలు నిమిషానికి అన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని వడపోస్తున్నాయన్నమాట. స్త్రీలకైతే దీనిని 0.85తో కూడా గుణించాలి. ఆరోగ్యవంతుడైన యువకుడికి ఇది వంద పైన ఉంటుంది. క్రియాటినిన్ కండరంలోంచి పుడుతుంది, కండరం కరిగిన ఒంట్లో అది తక్కువే పుడుతుంది కాబట్టి పరీక్ష కాగితంమీది అంకె మంచిగా కనబడుతుంది. యాంటీబయాటిక్ మోతాదు ఈ 31ని చూసి నిర్ణయించాలి. గ్లిమెపిరైడ్ విషయంలో కూడా ఇదే ముఖ్యం: అన్నం తినని, మూత్రపిండాలు మందగించిన పెద్దవారిలో ఆ బిళ్ళ చక్కెరను గంటల తరబడి కిందికి లాగుతూనే ఉంటుంది. 74 అనేది ఇప్పటికే అంచు. తెల్లవారుజామున ఎంత ఉందో ఎవరైనా చూశారా అని అడగండి.

క్లోర్‌ఫెనిరమైన్, డైసైక్లోమిన్ రెండూ ఎసిటైల్‌కోలిన్ అనే నరాల రసాయనానికి అడ్డుపడే మందులు. ఇవి నోరు ఎండగడతాయి, మలం బిగుస్తుంది, మూత్రం ఆగిపోతుంది, ముసలి మెదడు చెదిరిపోతుంది. సెలైనుతోపాటు అలవాటుగా ఇచ్చే ఫెనిరమైన్ సూది, నిద్రకోసం ఇచ్చే ప్రోమెథజీన్, నరాల నొప్పులకు రాసే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే గుంపులోవి. ఒక్కొక్కటి విడిగా చిన్నదే, మూడు కలిస్తే పెద్ద దెబ్బ. మీ నాన్నగారికి ఆ రాత్రి ఇచ్చిన మత్తు సూది ఏమిటో పేరు కనుక్కోండి.

అత్యవసర విభాగం

ఇంతవరకు చెప్పినవన్నీ సరైనవే, కానీ చేతులు కట్టడం గురించి ఒక జిల్లా ఆసుపత్రి వైద్యుడిగా నా మాట కూడా వినండి. రాత్రి వార్డులో 40 మంది రోగులకు ఇద్దరు సిస్టర్లు ఉంటారు. సూది పీకేసుకుని రక్తం కారుతున్న మనిషి మంచం దిగి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆ నేరం మా మీదే పడుతుంది. ఆ రాత్రి అక్కడున్నవారు క్రూరులు కారు, చేతనైనది చేశారు. అలాగే, తికమకపడే పెద్దవారి మూత్ర పరీక్షలో చీము కణాలు కనబడగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తామని మమ్మల్ని అంటుంటారు, దానిని తప్పనడం కూడా సులభం కాదు. వదిలేసి, అదే నిజమైన ఇన్ఫెక్షనైతే?

బర్మింగ్‌హాం నుంచి తెలుగువాడు

నేను బ్రిటన్‌లో వృద్ధుల వైద్య విభాగంలో పనిచేస్తున్నాను. వార్డులో మనుషులు చాలరన్న అత్యవసర విభాగం వైద్యుల బాధ నిజమైనదే, ఇక్కడా ఆ కొరత ఉంది. అయినా చేతులు కట్టడం గురించి నా అనుభవం వేరు. కట్టిన మనిషి మరింత పెనుగులాడతాడు, మరింత భయపడతాడు, విప్పిన క్షణాన పడతాడు. మూత్రపు పైపు వేయడం కూడా మనిషిని కట్టేయడమే, ఎందుకంటే దానితో మనిషి మంచం దిగలేడు. పైపు ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతూ పోతుంది. మూత్రం ఆగిపోయిందని తేలితే పైపు వేయవలసిందే, పక్క తడుస్తుందని మాత్రం వేయకూడదు.

మీ ఆసుపత్రులకు మావాటిలో లేని ఒక బలం ఉంది: మంచం పక్కన ఇంటిమనిషి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 70 దాటిన 852 మంది రోగులమీద చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. సమయమూ స్థలమూ గుర్తుచేయడం, నీళ్లు తాగించడం, నడిపించడం, కళ్లజోడు పెట్టడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం వంటి మామూలు పనులతో డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. అందులో కొత్త మందు ఏదీ లేదు. ఆ పనుల్లో చాలావాటికి అక్కడ శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలను పెట్టవలసి వచ్చింది. మీ దగ్గర కూతురో కొడుకో అక్కడే చాపమీద కూర్చుని ఉంటారు. వారిని బయటికి పంపే బదులు పని నేర్పండి.

గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. అమెరికా వైద్యురాలు షారన్ ఇనోయ్ బృందం 1990లో ఇచ్చిన పద్ధతిలో చూడవలసినవి నాలుగే. మార్పు హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులవుతూ ఉండాలి, మనసు నిలవకపోవాలి. ఈ రెండూ ఉండి, ఆలోచన చెదరడంగానీ మెలకువలో తేడాగానీ తోడైతే అది డెలీరియమే. మనసు నిలుస్తుందో లేదో చూడటానికి ఇక్కడ నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంటాము. మా ఊరి పెద్దవారినైతే నేను ఫాల్గుణం నుంచి చైత్రం దాకా చెప్పమంటాను, బడికి వెళ్లనివారినైతే శనివారం నుంచి వెనక్కి చెప్పమంటాను. బ్రిటన్‌లో 2017లో సవరించిన, రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో పాయింట్లలో లెక్కకట్టే హెచ్చరిక స్కోరులో కొత్తగా వచ్చిన తికమకకు ఒక్కదానికే 3 పాయింట్లు ఇచ్చారు, అంటే బీపీ 90కి పడిపోవడంతో సమానంగా చూసి వైద్యుడు వెంటనే రావాలని అర్థం.

మూత్రం సంగతికి వస్తే, ఏ బాధా లేని వృద్ధుల మూత్రంలో, ముఖ్యంగా స్త్రీలలో, క్రిములు ఉండటం చాలా మామూలు. తికమకపడుతున్న రోగి మూత్రంలో చీము కణాలు కనబడగానే అదే కారణమని ఆగిపోతే, ఈ నాన్నగారి విషయంలో నిమోనియా తప్పిపోయేది. మూత్రంలో మంట, చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి లేనప్పుడు ఇంకో చోట వెతకాలి. మరీ ప్రాణాపాయంగా ఉంటే యాంటీబయాటిక్ ఇస్తూనే వెతకాలి.

అత్యవసర విభాగం

మూత్రం విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను, మేము తొందరపడుతున్నాము. ఇంటిమనిషిని రాత్రి వార్డులో ఉండనివ్వాలన్న మాట మా సూపరింటెండెంట్‌తో మాట్లాడతాను. మందు తప్పనిసరైన సందర్భాలు మాత్రం ఉంటాయి: తనకో పక్కవారికో హాని చేసే స్థితిలో, ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్ అర మిల్లీగ్రాము, లేదా అంతకన్నా తక్కువ. పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారికి అది కూడా ఇవ్వకూడదు, బిగుసుకుపోతారు.

పాలమూరు వైద్యుడు

ఒక్క విషయం చేర్చకుండా ఉండలేకపోతున్నాను. మా ప్రాంతంలో పెద్దవారు చేరిన రెండవ మూడవ రోజున చేతులు వణుకుతూ, చెమటలు పట్టి, లేనివి కనబడుతున్నాయంటే, ముందుగా కల్లు గురించి అడుగుతాను. మామూలు కల్లు కాదు, డయజిపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు. ఆసుపత్రిలో చేరాక అది ఆగిపోతే ఇలా అవుతుంది. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు ఆగినప్పుడు వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వచ్చిన రోజులు గుర్తున్నవారికి ఇది తెలుసు. ముసలి అవ్వలు కూడా రోజూ తాగుతారు, అడగనిదే చెప్పరు. డెలీరియంలో నిద్రమాత్రల జాతి మందులు ఇవ్వకూడదన్న నియమానికి ఇదే పెద్ద మినహాయింపు, ఎందుకంటే వీరికి ఆ మందే తగ్గించుకుంటూ ఇవ్వాలి. గుంటూరు చదువరి గారి నాన్నగారికి ఇది వర్తించకపోవచ్చు, కానీ ఈ చర్చ చదివేవారిలో ఎవరికో అవసరమవుతుంది.

నడిపించే చేతులు

నేను ఫిజియోథెరపిస్టుని. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పది రోజులు మంచంమీదే ఉంచి చూసిన 2007 నాటి పరిశోధనలో, కాళ్లలో ఇంచుమించు కిలో కండ కరిగింది. వారికి జబ్బు లేదు, తిండి సరిగా తిన్నారు. 46 కిలోల మనిషి, నిమోనియాతో, తిండి లేకుండా పడుకుంటే ఎంత పోతుందో ఊహించండి. ‘విశ్రాంతి తీసుకోనివ్వండి’ అన్న మాటే ఆయనను మంచానికి అతికిస్తుంది. ఆక్సిజన్ కుదుటపడగానే కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టండి, భోజనం కుర్చీలో పెట్టండి. మరునాడు ఇద్దరి సాయంతో నిలబెట్టండి. లేచిన వెంటనే బీపీ పడిపోతుందేమో చూడమనండి, తొలిసారి స్నానాలగది దగ్గర పడినది అందుకే కావచ్చు.

గుంటూరు చదువరి

అందరికీ, పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పినవి కాగితంమీద రాసి పెద్ద డాక్టరు గారికి ఇచ్చాను. ఆయన కోపగించుకోలేదు, నిలబడి చివరిదాకా చదివారు. యాంటీబయాటిక్ మోతాదు సరిచేశారు. థయాజైడ్ ఉన్న బిళ్ళ, గ్లిమెపిరైడ్, క్లోర్‌ఫెనిరమైన్ ఆపేశారు. సోడియం మూడు రోజుల్లో 121 నుంచి 126, 131, 134కు వచ్చింది. ఎనిమా ఇచ్చాక ఆ సాయంత్రమే ఆయన ముఖం కొంచెం తేరుకుంది. పైపు నాలుగవ రోజు తీశారు, మూత్రం తనంతట వచ్చింది. రాత్రులు నేనూ మా చెల్లెలూ వంతులవారీగా పక్కన కూర్చున్నాము, కట్టవలసిన అవసరం మళ్లీ రాలేదు.

కానీ ఆయన ఇంకా పూర్తిగా ఆయన కాదు. పొద్దుట బాగుంటారు, పొద్దువాలేసరికి ‘తపాలా సంచి వచ్చిందా’ అని అడుగుతారు. ఊపిరితిత్తి బాగుపడ్డాక కూడా ఇది ఎందుకు మిగిలింది?

మెడిసిన్ వార్డు వైద్యుడు

కారణం తగ్గినంత తొందరగా డెలీరియం తగ్గదు. వారాలు, కొందరికి నెలలు పడుతుంది. కొందరు మునుపటి స్థితికి పూర్తిగా రారన్నది కూడా మీకు దాచకుండా చెప్పాలి. ఇప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించి ముద్ర వేయించుకోవద్దు, కొన్ని నెలలు ఆగి చేయించండి. అప్పటికి తేడా మిగిలి ఉంటే, లోపల మెల్లగా మొదలైన మతిమరుపు వ్యాధిని ఈ జబ్బు బయటపెట్టిందేమో చూడాలి. ఈసారి ఇలా అన్నం వద్దని పడుకుంటే, ఆ రోజే బయలుదేరండి.

వార్డు సిస్టరు

డిశ్చార్జి కాగితం ఒకసారి చూడండి. ‘నిమోనియా, సోడియం తగ్గుదల’ అని మాత్రమే ఉంటుంది. డెలీరియం వచ్చిందని, ఏయే మందులు ఎందుకు ఆపారో అందులో రాయించుకోండి. లేకపోతే మీ వీధి మందుల షాపులో పాత చీటీమీద ఆ బిళ్ళే మళ్లీ ఇస్తారు.

గుంటూరు చదువరి

మీరు చెప్పినట్టే ఉంది, ఆ మాట లేదు. ఈ సాయంత్రం వెళ్లి రాయించుకుని వచ్చాను. పాత చీటీ అమ్మ పోపుల డబ్బా కింద దాచి ఉంచింది, దానిని తీసేశాము. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని కొత్త కాగితం తీసుకుని, అందులో తన ఇంటిపేరు తప్పుగా రాశారని చూపించారు.